బ్రేకుకు తలంటు

మద్రాసు పాత వాషర్‌మెన్‌పేట్‌లో వీరరాఘవులు ముక్కును ఎరగని నూనె వ్యాపారి లేడు. డబ్బా మూత తీస్తే చాలు, అది ఏ నూనో, గానుగ ఆడి ఎన్నాళ్లయిందో, మధ్యలో ఎవడైనా తవుడు నూనె కలిపాడో లేదో చూడకుండానే చెప్పేవాడు. నలభై రెండేళ్లు నూనె కొట్లో కూర్చున్న ముక్కు అది. వీధి వీధంతా ప్యాకెట్ల నూనెకు అలవాటు పడ్డాక చిల్లర నూనె కోసం సీసా పట్టుకొచ్చేవాళ్లు లేక మూడేళ్ల కిందట కొట్టు మూసేశాడు. కొట్టు మూస్తే నూనె మీద నమ్మకం పోతుందా? తలుపు కిర్రుమంటే నూనె. మోకాలు పట్టేస్తే నూనె. మనవరాలికి జలుబు చేస్తే మాడుకు గోరువెచ్చటి నూనె. ఇక శనివారం వచ్చిందంటే నడినెత్తి నుంచి అరికాలి దాకా నువ్వుల నూనె పట్టించి, సీకాయతో తలంటు పోసుకుంటే తప్ప ఆ వారం గడిచినట్టే ఉండదు ఆయనకు.

ఆయనతో పాటు ఆయన కారుకూ శనివారం తలంటే. బూడిద రంగు కారు, ఇరవై ఏళ్లు దాటింది. తన స్నానం కాగానే దాన్ని కడిగి, తుడిచి, పొడుగు ముక్కు నూనె డబ్బా పట్టుకుని దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసేవాడు. తలుపు బందులకు రెండు చుక్కలు, బానెట్ కీలుకు రెండు చుక్కలు, డిక్కీ తాళానికి ఒక చుక్క. భార్య కమలాంబ వరండాలో కూర్చుని చూస్తూ, "దానికీ కాస్త సీకాయ రుద్దగూడదా, చుండ్రు పట్టేను" అనేది. ఆయన పట్టించుకునేవాడు కాదు. ఇన్నేళ్లుగా ఆ కారు తలుపు ఒక్కసారి కిర్రుమనలేదు మరి.

ఇంతకీ ఆ కారు ఆయనకు ఏమిటో చెప్పకపోతే మిగతా కథ మీకు అందదు. కొట్టు మూసిన మొదటి ఏడాది వీరరాఘవులు మంచం దిగలేదు. జబ్బేమీ కాదు. పొద్దున తొమ్మిదయినా గోడ వైపు తిరిగి పడుకునే ఉండేవాడు. గడ్డం గీసుకోడు, అన్నం సయించదు, ఎవరైనా వస్తే లేచి పలకరించడు. కొడుకు కేశవ్, కోడలు రంజిత ఇద్దరూ షోళింగనల్లూరులో ఉద్యోగాలు, ఆరున్నరకల్లా ఆఫీసు క్యాబ్ ఎక్కేస్తారు. మనవరాలు సహస్రను స్కూలుకు తీసుకుపోయే వ్యాను ఒకనాడు చెప్పాపెట్టకుండా మానేసింది. ఆ ఉదయం ఇంట్లో బండి నడిపేవాళ్లు ఇంకెవరూ లేక, ఆయనే లేచి చొక్కా తొడుక్కుని కారు తీశాడు. అంతే. మరుసటి వారానికి ఎదురింటి అమ్ములు కొడుకు బాబు ఎక్కాడు. నెల తిరిగేసరికి మూలింటి శ్రీనివాసరావు కూతుళ్లిద్దరూ ఎక్కారు. అప్పటి నుంచీ వీరరాఘవులు అయిదింటికే లేస్తాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుంటాడు, నుదుట కుంకుమ పెట్టుకుంటాడు, ఏడు నలభైకి వీధిలో హారన్ కొడతాడు. తల్లులు తమ పిల్లల్ని ఆయన చేతికప్పగించి వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి పోతారు. అట్లా తిరిగి చూడకుండా పోవడం ఉందే, అదే ఆయన్ను మంచం మీద నుంచి లేపింది. ఈ సంగతి ఆయనకూ తెలుసు, కమలాంబకూ తెలుసు, మెకానిక్ సుబ్బన్‌కూ తెలుసు.

సుబ్బన్ షెడ్డు వీధి చివర. ముప్ఫై ఏళ్ల స్నేహం. అరవవాళ్ల ఇంటి మనిషే అయినా, పేటలో పెరిగినవాడు కాబట్టి ఆయనతో తెలుగే మాట్లాడతాడు. పోయిన నెల ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు అరిగిపోయాయని కొత్తవి వేశాడు. వేసి, చేతులు తుడుచుకుంటూ ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

"శెట్టిగారూ, కొత్త ప్యాడ్లు. కొన్నాళ్లు కీచుమంటాయి. అదే సరిపోతాది. మీరు చెయ్యి పెట్టొద్దు."

పెట్టొద్దంటే ఊరుకుంటే ఆయన వీరరాఘవులు ఎందుకవుతాడు? ప్రతి సిగ్నల్ దగ్గరా ఎడమ చక్రం కీచుమనేది. పక్కన స్కూటర్లవాళ్లు తలతిప్పి చూసేవాళ్లు. తన బండి అరుస్తుంటే పదిమంది చూడడం ఆయనకు తలకొట్టేసినట్టుండేది. ఆ శనివారం తలంటు పోసుకుని వచ్చి, స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పి, టార్చి లైటుతో చక్రం వెనక చూశాడు. తిరిగే డిస్కును రెండు పక్కలా కరిచి పట్టే ఇనుప దవడ కనిపించింది. దాన్నే కాలిపర్ అంటారు. బ్రేకు నొక్కితే అది కరుస్తుంది, వదిలితే రెండు పిన్నుల మీద కాస్త జరిగి పట్టు సడలిస్తుంది. ఆ పిన్నులకు రబ్బరు తొడుగులున్నాయి. ఆయన రబ్బరును వేలితో ఎత్తి, డబ్బా ముక్కు లోపలికి దూర్చి, నాలుగు చుక్కలు నువ్వుల నూనె వదిలాడు. డిస్కు మీద ఒక్క చుక్క పడనీయలేదు. డిస్కుకు నూనె తగిలితే బ్రేకు పట్టదని ఆయనకు తెలుసు. ఆ తెలియడమే కొంప ముంచింది. ఏమీ తెలియనివాడు చెయ్యి పెట్టడు. అంతా తెలిసినవాడు అసలే పెట్టడు. సగం తెలిసినవాడే డబ్బా పట్టుకుని చక్రం వెనక దూరతాడు.

కీచు తగ్గింది. నూనె వల్ల తగ్గిందో, సుబ్బన్ చెప్పినట్టు దానంతటదే తగ్గిందో దేవుడికెరుక. వీరరాఘవులు మాత్రం భోజనం దగ్గర కమలాంబతో, "నూనెకు లొంగని రోగం ఉండాదంటే నేను నమ్మను" అన్నాడు. తర్వాతి శనివారం మళ్లీ పోశాడు. ఆ తర్వాతి శనివారమూ పోశాడు.

మూడో శనివారం వెళ్లి సోమవారం వచ్చింది. పొద్దున బయల్దేరేటప్పుడే బండి కదలడానికి మొరాయించినట్టనిపించింది. చలికి అనుకున్నాడు. మద్రాసులో చలి ఏమిటని తనను తానే అడగలేదు. మింట్ కూడలి దాటేసరికి స్టీరింగు ఎడమకు లాగసాగింది. రోడ్డు వాలు అనుకున్నాడు. మనిషికి భయం మొదలైనప్పుడు సాకులు భలే తడతాయి. వెనక సీట్లో బాబు, అక్కాచెల్లెళ్లు ఏదో ఆటలో కేకలేస్తున్నారు. ముందు సీట్లో సహస్ర బెల్టు పెట్టుకుని టిఫిన్ డబ్బా ఒళ్లో పట్టుకుని కూర్చుంది.

బేసిన్ బ్రిడ్జి ఎక్కుతుండగా వాసన తగిలింది.

వెనక పిల్లలు ముక్కులు మూసుకున్నారు. పక్కన ఆటోలో మనిషి చక్రం వైపు చూశాడు. అందరికీ అది కాలిన వాసన. రబ్బరో, క్లచ్చో, చెత్తకుప్పో, ఏదో ఒకటి. వీరరాఘవులుకు మాత్రం ఆ కంపు అడుగున మాడిపోతున్న నువ్వుల నూనె తెలిసింది. ఆ వంతెన మీద ఉన్న వందల మందిలో ఆ సంగతి తెలిసింది ఆయనొక్కడికే. నలభై రెండేళ్ల ముక్కు అబద్ధం చెప్పదు.

"తాతా, పుగై" అంది సహస్ర అరవంలో, కిటికీ లోంచి కిందికి చూస్తూ. "మన చక్రంలో నుంచే తాతా, పొగ."

ఆ సరికే బండి వంతెన దిగుతోంది. ముందర ఇనుప కడ్డీల లారీ. కడ్డీలు వెనక్కి మూడు నాలుగడుగులు పొడుచుకొచ్చి ఉన్నాయి, చివర ఎర్రగుడ్డ కట్టారు. లారీ ఆగింది. వీరరాఘవులు బ్రేకు నొక్కాడు. పెడలు మెత్తగా, అడ్డేమీ లేనట్టు, కింద దాకా పోయింది. ఎత్తి మళ్లీ నొక్కాడు. మళ్లీ కింద దాకా పోయింది. చక్రం వేడికి గొట్టంలోని బ్రేకు ఆయిలు మరిగి ఆవిరైపోయిందని తర్వాత సుబ్బన్ చెప్పాడు గానీ ఆ క్షణాన ఆయనకు ఎర్రగుడ్డ తప్ప ఇంకేమీ కనపడలేదు. చేయి దానంతటదే హ్యాండ్‌బ్రేకు మీద పడింది. పళ్లు బిగబట్టి లాగాడు. బండి ఊగిసలాడి, పక్కకు ఒరిగినట్టయి, ఆగింది. కడ్డీల కొసలు ముందు అద్దానికి రెండు జానల దూరంలో ఉన్నాయి. సరిగ్గా సహస్ర ముఖం ఎత్తులో.

లారీ కదిలి వెళ్లిపోయింది. ఏమీ ఎరగని లారీ.

వీరరాఘవులు బండిని ఓరకు చేర్చి పిల్లల్ని దించాడు. గోడ పక్కన వరసగా నిలబెట్టి లెక్కపెట్టాడు. నలుగురు. మళ్లీ లెక్కపెట్టాడు. పిల్లల ముందు కూర్చుంటే బాగుండదని గోడ పట్టుకుని నిలబడ్డాడు. టీ కొట్టువాడు బిందెతో నీళ్లు తెచ్చి చక్రం మీద కుమ్మరించబోతే, "వద్దప్పా, పగిలిపోతాది, దాన్నట్లే వదిలెయ్" అని ఆపాడు. అంత భయంలోనూ ఆ సగం తెలివి మాత్రం పని చేసింది. సుబ్బన్‌కు ఫోన్ చేశాడు. "ఈడ బేసిన్ బ్రిడ్జి దగ్గర, పిల్లలుండారు, చక్రం కాలతా ఉండాది" అన్నాడు. సుబ్బన్ ఇంకేమీ అడగకుండా "వస్తా ఉండా" అని పెట్టేశాడు.

ఎనిమిదిన్నరకు స్కూలువాళ్ల మెసేజీ తల్లులకు పోతుంది, మీ పిల్ల ఈరోజు రాలేదని. ఎనిమిది ముప్ఫై ఒకటికి ఫోన్ మోగింది. అమ్ములు.

"పెదనాయనా, బాబు స్కూలుకు రాలేదని మెసేజీ వచ్చింది. ఏమయింది? యాడుండారు?"

"ఏం లేదమ్మా, అందరూ బాగుండారు. బండి ఆగిపొయింది, అంతే."

"ఊరికే ఎట్ల ఆగిపొయింది?"

నిజం నోటి దాకా వచ్చింది. వస్తూ వస్తూ అది ఎక్కడ దారి తప్పిందో ఆయనకే తెలియదు. "బ్రేకు పట్టేసింది. పోయిన నెల సుబ్బనే గదా వేసినాడు. సరిగ్గా వేసినట్టు లేదు" అన్నాడు.

అవతల ఆమె ఊపిరి పీల్చుకోవడం వినపడింది. "అట్లనా. మీరుండారు కాబట్టి సరిపొయింది పెదనాయనా" అంది.

ఆ మాటకు ఆయన చెవి దగ్గర ఫోన్ బరువెక్కింది. వెనక్కి తీసుకుందామనుకునే లోపు ఆమె పెట్టేసింది.

సుబ్బన్ పావుగంటలో వచ్చాడు. బండి వంక చూడనైనా చూడలేదు, ముందు పిల్లల దగ్గరికి పోయాడు. టీ కొట్లో బిస్కెట్లు కొనిచ్చి, దారిన పోయే ఆటోల్లో తనకు తెలిసినవాణ్ణి ఆపి, "శెట్టిగారూ, మీరు పిల్లలతో పోండి. ఈడ నేను చూసుకుంటా" అన్నాడు. వేపేరిలో స్కూలు దాకా ఆటోలో నలుగురు పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు వీరరాఘవులు. బాబు ఈరోజు కథ క్లాసులో ఎట్లా చెప్పాలో అక్కాచెల్లెళ్లతో చర్చిస్తున్నాడు. వాడి లెక్కన పొగ మూడంతస్తుల ఎత్తు లేచింది.

తిరిగి వచ్చేసరికి బండి జాకీ మీద ఉంది. చక్రం ఊడదీసి పక్కన పెట్టి ఉంది. సుబ్బన్ గొంతుక్కూర్చుని కాలిపర్ పిన్నును పటకారుతో పట్టి లాగుతున్నాడు. అది రానంటోంది. సుత్తితో తట్టాడు, తిప్పాడు, మళ్లీ తట్టాడు. చివరకు ఊడి వచ్చింది. గ్రీసు ఉండవలసిన చోట బాండలి అంచున గట్టిపడే జిడ్డులాంటిది గోధుమరంగులో పేరుకుని ఉంది. రబ్బరు ఉబ్బిపోయింది. పిన్ను జరగక దవడ డిస్కును కరిచే ఉండిపోయింది. సుబ్బన్ ఆ జిడ్డును వేళ్ల మధ్య నలిపాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తలెత్తి వీరరాఘవులు వంక చూశాడు.

"శనివారమా?" అన్నాడు.

వీరరాఘవులు తలూపాడు.

"ఎన్ని శనివారాలు?"

"మూడు."

సుబ్బన్ పిన్నును నేల మీద పెట్టాడు. తిడితే బాగుండుననిపించింది వీరరాఘవులుకు. "నలుగురు పిల్లలు, శెట్టిగారూ" అన్నాడు సుబ్బన్. ఆ మాటలోనే అన్ని తిట్లూ ఉన్నాయి.

అప్పుడే సుబ్బన్ ఫోన్ మోగింది. అమ్ములు గొంతు పక్కన నిలబడ్డ వీరరాఘవులుకే వినపడేంత గట్టిగా ఉంది. నమ్మి బండి ఇస్తే ఇట్లనా చేసేది, పసిపిల్లలు ఎక్కే బండి అని తెలియదా, నీకూ మనవలుండారు గదా అని ఒకటే వాయింపు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు వీరరాఘవులు చొక్కా గుండీలు తడుముకుంటూ నిలబడ్డాడు. సుబ్బన్ మధ్యలో ఒక్కసారి ఆయన ముఖంలోకి చూశాడు. తర్వాత ఫోన్‌లో, "అవునమ్మా. నా తప్పే. పిన్ను బిగిసిపొయింది. నేనే చూసుకోవాల్సింది" అన్నాడు.

సుబ్బన్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"ఎందుకట్ల చెప్పినావు?" అన్నాడు వీరరాఘవులు.

"మీరేం చెప్పినారో ఆయమ్మ చెప్పింది గదా. నేను ఇంకోటి చెప్తే ఎట్ల?" సుబ్బన్ స్పానరు తీసుకుని మళ్లీ పనిలో పడ్డాడు. తల ఎత్తకుండానే అన్నాడు. "నాకు ఈ బండి పోతే ఇంకో బండి. మీరు మళ్లీ ఆ మంచం ఎక్కితే దించేదానికి నా వల్ల కాదు. పోనియ్యండి. ఇంక నూనె డబ్బా దీని దగ్గరికి తెచ్చినారంటే మాత్రం చెయ్యి విరగ్గొడతా."

పాత బండ్ల సామాన్లు దొరికే పుదుపేటకు పోయి వేరే కాలిపర్ తెచ్చి, బ్రేకు ఆయిలు అంతా మార్చి, సాయంత్రానికల్లా బండి సిద్ధం చేశాడు. మర్నాడు ఏడు నలభైకి వీరరాఘవులు హారన్ కొట్టాడు. పిల్లలు ఎక్కారు. తల్లులు ఎప్పటిలాగే వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి పోయారు. అంతా ముందున్నట్టే ఉంది. ఉందనుకుంటే ఉంది.

వీధివాళ్ల వాట్సాప్ గుంపులో అమ్ములు రాసింది. సుబ్బన్ దగ్గర బండ్లు ఇచ్చేవాళ్లు జాగ్రత్త, బ్రేకు తప్పుగా వేసి పిల్లల ప్రాణం మీదికి తెచ్చినాడు, ఆయనే ఒప్పుకొన్నాడు అని. ఆమెను అనడానికేముంది? ఏ తల్లయినా రాస్తుంది. కింద పది మంది నమస్కారం బొమ్మలు పెట్టారు, ఇద్దరు తమ స్కూటర్లు వేరే చోట చేయించుకుంటామన్నారు. వీరరాఘవులు ఆ మెసేజీని రోజుకు ఇరవైసార్లు చదివాడు. బుధవారం నాటికి షెడ్డు ముందు రెండే బండ్లున్నాయి. శుక్రవారం నాటికి ఒక్కటీ లేదు. ముప్ఫై ఏళ్లు కట్టుకున్న పేరు నాలుగు రోజుల్లో అట్లా పోతుందని ఎవరనుకుంటారు? సుబ్బన్ స్టూలు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. ఈయనను చూస్తే మాత్రం, "ఎట్లుండాది బండి?" అని అడుగుతాడు. ఆ అడగడం ఈయనకు ముల్లులా దిగబడుతుంది.

నిద్ర లేదు. బ్రేకు మీద కాలు పెట్టినప్పుడల్లా పెడలు కిందికి పోతుందేమోనని భయం. ప్రతి సిగ్నల్ దగ్గరా దిగి, చక్రం దగ్గర చేయి పెట్టి వేడి చూసి వచ్చి కూర్చుంటాడు. వెనక బండ్లవాళ్లు హారన్లు. "ఏం తాతా, ఊరికే దిగతా ఉండావు" అని పిల్లలు నవ్వుతారు. కళ్లు మూసుకుంటే ఎర్రగుడ్డ. ఆ ఎర్రగుడ్డ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, సుబ్బన్‌కు కూడా. పిల్లలకు అది తెలియనే తెలియదు. లారీ వెనక బండి ఆగడం వాళ్లకు రోజూ ఉండేదే.

శనివారం వచ్చింది. ఆయన తలంటు పోసుకోలేదు. కమలాంబ అదేదో పెద్ద వింతను చూసినట్టు చూసింది. సీకాయ గిన్నె వెనక్కి పెట్టేసి, ఎదురుగా వచ్చి కూర్చుంది.

"చెప్పు" అంది.

చెప్పాడు. పిన్ను, నూనె, సుబ్బన్, అంతా. లారీ సంగతి మాత్రం ఆమెకూ చెప్పలేదు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అంది ఆమె. తర్వాత, "పోయి కడుక్కునిరా. అమ్ములు ఇంట్లోనే ఉండాది" అంది.

ఆ పూట పోలేదు. రేపు అన్నాడు. ఆ రేపు కూడా వీధి దాటడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. ఎదురిల్లే, పది అడుగులు. అమ్ములు వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. "రండి పెదనాయనా" అని తడి చేతులు తుడుచుకుంది. కూర్చోమంది, కాఫీ అంది. ఆయన నిలబడే చెప్పాడు. బ్రేకులో తానే నూనె పోశానని, సుబ్బన్ తప్పు ఏమీ లేదని.

అమ్ములు కాసేపు ఆయన ముఖంలోకి చూసింది. చూసి నవ్వింది.

"మీకెందుకు పెదనాయనా ఇంత జాలి. ఆయన బేరాలు పోతా ఉండాయని మీ నెత్తిన వేసుకునే దానికి వచ్చినారు. ఆయన నాతో నోరు తెరిచి చెప్పినాడు, నా తప్పే అని. మీలాంటోళ్లుండబట్టే ఇట్లాంటోళ్లు బతకతా ఉండారు."

"కాదమ్మా, నిజంగానే. నువ్వుల నూనె. మూడు శనివారాలు."

"సరి సరి. మీరు చెప్పినారు, నేను విన్నా. కాఫీ తాగి పోండి."

కాఫీ తాగాడు. ఏం చేస్తాడు మరి? తిరిగి వీధి దాటుతుంటే ఒళ్లు తేలికయినట్టనిపించింది. చెప్పాను గదా అనుకున్నాడు. నమ్మకపోతే అది నా తప్పా? ఆ రాత్రి అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాడు. కమలాంబ, "ఏమంది?" అని అడిగితే, "చెప్పేసినా" అని మాత్రమే అన్నాడు. ఆమె ఇంకేదో అడగబోయి, ఆయన తింటున్నాడు కదా అని ఊరుకుంది.

సోమవారం ఏడు నలభై. నలుగురూ ఎక్కారు. సహస్ర బెల్టు పెట్టుకుంది. బండి వీధి చివరకు వచ్చింది. షెడ్డు ముందు సుబ్బన్ స్టూలు మీద ఖాళీ చేతులతో కూర్చుని ఉన్నాడు. రోజూలాగే పిల్లల వైపు చేయి ఊపాడు. రోజూ అయితే నలుగురూ కిటికీల్లోంచి మీద పడి టాటాలు చెప్పేవాళ్లు. ఈరోజు ఎవరూ చేయి ఎత్తలేదు. బాబు సీట్లో కిందికి జారి కూర్చున్నాడు.

"ఏరా, టాటా చెప్పవా?" అన్నాడు వీరరాఘవులు.

"సుబ్బన్ మామకు టాటా చెప్పొద్దంది మా అమ్మ" అన్నాడు బాబు. "ఆయన మనల్ని చంపేసేదానికి చూసినాడంట."

సుబ్బన్‌కు వినపడే ఉంటుంది, కిటికీ తీసే ఉంది. ఆయన ఎత్తిన చేతిని దించి, ఆ చేతితోనే మెడ వెనక గోక్కున్నాడు.

వీరరాఘవులు బండి ఆపాడు. రివర్సు గేరు వేసి, వచ్చిన దారినే వెనక్కి నడిపించి, అమ్ములు వాకిట్లో ఆపి హారన్ కొట్టాడు. మంచం, ఆ గోడ, తొమ్మిదింటి దాకా తిరగని పక్క, అన్నీ ఆయన కళ్ల ముందు తిరిగాయి. దిగితే మళ్లీ ధైర్యం చాలదని దిగలేదు. అమ్ములు గరిటె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"ఏం పెదనాయనా, బాబు ఏమైనా మర్చిపొయినాడా?"

"అమ్మా, నిన్న నేను చెప్పింది నువ్వు నమ్మలేదు."

"మళ్లీ అదేనా. స్కూలుకు టైమవుతా ఉండాది."

"నీకు ఇంకోటి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు." ఆయన స్టీరింగు వంకే చూస్తూ చెప్పాడు. "ఆ పొద్దు బండి ఊరికే ఆగలేదు. బ్రేకు కింద దాకా పొయింది. పట్టలేదు. ముందర కడ్డీల లారీ ఉండింది. హ్యాండ్‌బ్రేకు లాగినా. ఇదో, ఈ అద్దానికి రెండు జానల్లో ఆగింది. అది నేను పోసిన నూనె వల్ల. సుబ్బన్ వద్దని చెప్పినా పోసినా. నువ్వు ఫోన్ చేసినప్పుడు భయపడి ఆయన పేరు చెప్పినా. ఆయన నన్ను కాపాడేదానికి ఒప్పుకొన్నాడు."

అమ్ములు అద్దం వంక చూసింది. అద్దం వెనక కూర్చున్న సహస్ర వంక చూసింది. ఈసారి నవ్వలేదు. ఆమె ముఖంలో నమ్మకం పోవడాన్ని ఆయన కళ్లారా చూశాడు. ఒక్కసారిగా పోలేదు. కొంచెం కొంచెంగా, చివర ఏమీ మిగలకుండా పోయింది. గరిటెను గేటు మీద పెట్టి, వెనక తలుపు తీసి, బాబును బయటికి లాగింది. వాడికి ఆరేళ్లు, ఎత్తుకోవడం మానేసి ఏడాది దాటింది. అట్లాంటివాణ్ణి బ్యాగుతో సహా చంకనేసుకుంది. వాడు కాళ్లు తన్నుకుంటూ, "అమ్మా, స్కూలు" అంటున్నాడు. లోపలికి పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరిగి ఆ కారును ఒక్కసారి చూసింది.

తెరిచిన తలుపులోంచి శ్రీనివాసరావు కూతుళ్లిద్దరూ కూడా దిగారు. ఎవరూ దిగమనలేదు. ఏదో జరిగిందని మాత్రం పిల్లలకు తెలిసిపోతుంది కదా. బ్యాగులు భుజాలకు తగిలించుకుని, చేతులు పట్టుకుని మూలింటి వైపు నడిచారు. పెద్దది తలుపు మెల్లగా మూసి మరీ పోయింది.

బండిలో సహస్ర ఒక్కతే మిగిలింది. టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని తాత ముఖంలోకి చూస్తోంది.

"నేనూ దిగాల్నా తాతా?" అంది.

వీరరాఘవులు పక్కకు వంగి ఆ పిల్ల బెల్టు తీశాడు.

"దిగమ్మా" అన్నాడు. "ఆటోలో పోదాం."